ఎర్ర బొత్తాం ఎవరు నొక్కాలి?

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. మీ ఇంట్లో మిక్సీ ఎవరు కొన్నారు?

మా ఇంట్లో మా వారు కొన్నారు. షాపువాడితో అరగంటసేపు మోటారు గురించీ వాట్ల గురించీ చర్చించి, అట్టపెట్టె చంకన పెట్టుకుని విజయగర్వంతో వచ్చారు. తీరా విప్పి చూస్తే అందులో చట్నీ చేసుకునే చిన్న జారు లేదు! ఆ తరవాత ఇరవై ఏళ్ళలో ఆయన ఆ మిక్సీని ఒక్కసారి తిప్పిన పాపాన పోలేదు. వాట్లు మాత్రం ఇప్పటికీ కంఠతా చెబుతారు.

ఈ మిక్సీ పురాణం ఇప్పుడెందుకంటారా? పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో కూడా మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. మీ ఇంట్లో కూడా జరగబోతోందేమోనని నా భయం. ఈమధ్య పాడే ఆడవాళ్ళు, పాట నేర్పే ఆడవాళ్ళు, పిల్లల కచేరీలు దాచుకోవాలనుకునే తల్లులు... అందరికీ ఈ అవసరం పడుతోంది. అడగ్గానే సలహా చెప్పేవాళ్ళు కోకొల్లలు.

దాని పూర్తి పేరు డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్. స్టేషన్ అంటే నాకు తెలిసినవి మా రాజమండ్రి స్టేషనూ, గోదావరి స్టేషనూను. ఇది మూడోది. భయపడాల్సిందేమీ లేదు. కంప్యూటర్లో గొంతు రికార్డు చేయడానికి, తప్పుపోయిన చోట కోసి అతకడానికి, గొంతు మీద వీణ, వీణ మీద మృదంగం పేర్చడానికి వాడే సరంజామా, అంతే. ఒకప్పుడు పెద్ద గది నిండా యంత్రాలు పెట్టి చేసిన పని ఇప్పుడు ఒళ్ళో పెట్టుకునే ల్యాప్‌టాప్‌లో అయిపోతుంది. అది నిజంగా గొప్ప సంగతే. నా తగాదా దానితో కాదు.

నన్ను పెంచిన దొడ్డమ్మ మా దగ్గరే ఉంటుంది. 2022లో ఆవిడకి ఎనభై మూడేళ్ళు. ఆవిడకి వచ్చిన పాటలు నేనొకసారి లెక్క రాశాను... నలభై మూడు. ఊర్మిళాదేవి నిద్ర, కుశలవుల యుద్ధం, లక్ష్మణదేవర నవ్వు లాంటి పెద్ద పాటలు, మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాలిని ఆడిపోసుకునే పాటలు. ఇవి పుస్తకాల్లో లేవా అంటారు. కొన్ని ఉన్నాయి. పుస్తకాల్లో మాటలుంటాయమ్మా, వరస ఉండదు. దొడ్డమ్మ వరస వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకున్నది, ఆవిడ ఇంకెవరి దగ్గరో. ఎక్కడ లాగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర కొంచెం నవ్వాలో, అది ఏ అచ్చులోనూ ఎక్కదు.

2022 మే నెలలో పిల్లలందరూ వచ్చినప్పుడు, ‘దొడ్డమ్మ పాటలు రికార్డు చేద్దామనుకుంటున్నాను, కంప్యూటర్లో ఏం పెట్టుకోవాలి?’ అని అడిగాను. అదే నేను చేసిన తప్పు.

హైదరాబాదులో సౌండు పని చేసే మా ఆడపడుచు కొడుకు, “ప్రో టూల్స్ అత్తా! స్టూడియోలన్నీ అదే. మిగతావన్నీ ఆటబొమ్మలు” అన్నాడు. న్యూజెర్సీ నించి మా మరిది ఫోన్లో, “వదినా, లాజిక్ తీసుకోండి, కళ్ళు మూసుకుని తీసుకోండి” అన్నాడు. లాజిక్ ఆపిల్ కంప్యూటర్ల మీద తప్ప నడవదు. మాది విండోస్ ల్యాప్‌టాప్. అంటే కళ్ళు మూసుకుని ముందు కొత్త కంప్యూటర్ కొనాలన్నమాట! బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి, “అమ్మా, ఎఫ్.ఎల్. స్టూడియో ఒక్కసారి కొంటే ఆ తరవాత వచ్చే కొత్త వెర్షన్లన్నీ ఉచితం” అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. కానీ అది మొదట్లో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో దరువులు పేర్చడానికి పుట్టిన సరుకు. మా దొడ్డమ్మకి దరువులతో ఏం పని? ఎవరో క్యూబేస్ అన్నారు, ఎవరో ఏబుల్టన్ అన్నారు. మా వారు రూళ్ళ పుస్తకం తీసి గళ్ళు గీశారు... పేరు, ధర, నెలసరి అద్దె, ఎన్ని ట్రాకులు. బాంకులో పనిచేసిన చెయ్యి, ఊరుకుంటుందా?

ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, “రికార్డు చేసేది ఎవరు?” అని అడగలేదు. “పాడేది ఎంతమంది?” అని అడగలేదు. పాడేది ఒక్క ముసలావిడ. పక్కన ఒక శ్రుతిపెట్టె. వీటికి వందల ట్రాకులెందుకు?

ఆ చర్చ పదిహేను నెలలు సాగింది. అతిశయోక్తి కాదు. కొత్త వెర్షన్ వస్తోందట ఆగమన్నారు, దీపావళికి ధర తగ్గిస్తారు ఆగమన్నారు. మంచి మైకు లేకుండా దండగన్నారు. మైకు వచ్చాక ఇంటర్‌ఫేస్ ఉండాలన్నారు. ఊర్మిళ పద్నాలుగేళ్ళు పడుకుందంటే భర్త అడవికి పోయాడు, అర్థముంది. మా ఇంట్లో పాట పదిహేను నెలలు పడుకున్నది ఎందుకో ఎవరైనా చెప్పండి!

2023లో అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం కూడా నెల వెనక్కి పోయింది. ఆ శుక్రవారం పూజయ్యాక దొడ్డమ్మ హారతి పాట ఎత్తుకుంది. రెండో చరణం మధ్యలో ఆగింది. మళ్ళీ మొదటినించి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. పళ్ళెంలో కర్పూరం కాలిపోతోంది. “తరవాతేమిటే?” అని నా వంక చూసింది. నాకు రాదు. ఎప్పుడూ ఆవిడే పాడుతుంది కదా అని నేను నేర్చుకోలేదు. ఇంకొకరి తప్పుల చిట్టా రాస్తున్నాను కాబట్టి నాదీ రాయడం న్యాయం.

ఆ మధ్యాహ్నమే, ఎవరినీ అడక్కుండా, ఆడాసిటీ అనేది దింపుకున్నాను. ఉచితం. 2000 సంవత్సరం నించీ జనం వాడుతున్నదే. తెర మీద ఎర్ర చుక్క ఉంటుంది, నొక్కితే రికార్డవుతుంది. గొంతు అల తెర మీద కనిపిస్తుంది. అక్కర్లేని ముక్క కత్తిరించి పారేయచ్చు, అరిటిపువ్వులో దొంగ తీసినట్టు. ఫోన్లో చెబితే మా ఆడపడుచు కొడుకు నవ్వాడు. “అత్తా, అది అసలు వర్క్‌స్టేషనే కాదు. ఉత్త ఎడిటరు” అన్నాడు. అది నిజమే. పూర్తి వర్క్‌స్టేషన్ అనిపించుకునేవాటిలో ఉండే హంగులు చాలా ఇందులో లేవు. కానీ నాయనా, నాకు రైలు పట్టాలు అక్కర్లేదు, గోదావరి దాటాలి. పడవ చాలు.

ఇక గది సంగతి. దీని గురించి ఏ సలహాదారూ నోరు మెదపలేదు కాబట్టి నేను వివరంగా చెబుతాను. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా మైకు ముందు ఉన్న గదే రికార్డవుతుంది. మొదటిరోజు నేను రికార్డు చేసింది దొడ్డమ్మ పాట కాదు. మా పంకా కచేరీ, పక్కింటి కుక్కర్ సన్నాయి, ఫ్రిజ్ గురక. రెండోరోజు పంకా ఆపాను, ఫ్రిజ్ ఆపాను (తిరిగి వేయడం మర్చిపోతే పాలు విరుగుతాయి, తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఇంట్లోంచి కదలబోయేటప్పుడు గుర్తొస్తుంది). హాల్లో గోడలకి తగిలి మాట మోగుతోంది. పడగ్గదిలోకి మార్చి, కిటికీకి బొంత కట్టి, చీరల బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి, దాని ముందు దొడ్డమ్మని కూర్చోబెట్టాను. బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి. ఖరీదు పెట్టి స్టూడియో గోడలకి అతికించే మెత్తల పని చాలామటుకు నా పెళ్ళిచీరలు చేసిపెట్టాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెడితే ‘ప’ అన్నప్పుడు ఊపిరి వచ్చి కొట్టదు.

ఇలా తొమ్మిది పాటలయ్యాయి. అప్పుడు మా ఆడపడుచు కొడుకు వచ్చి, “కొంచెం మెరుగుపెట్టి ఇస్తానత్తా” అని ఒక పాట పట్టుకెళ్ళాడు. ప్రేమతోనే పట్టుకెళ్ళాడు, ఆ మాట ఒప్పుకోవాలి. వారం తిరక్కుండా పంపించాడు. గురగురలు లేవు. శ్రుతి దిద్దాడు. ఎక్కడా తాళం జారకుండా గడిలో కూర్చోబెట్టాడు. వెనక సన్నగా వేణువు కూడా పెట్టాడు.

దొడ్డమ్మకి వినిపించాను. మొత్తం విన్నది. తల ఊపింది. “ఎవరే పాడింది? బాగానే పాడింది” అంది.

నాకు నోట మాట రాలేదు.

ఏం జరిగిందో తరవాత కూర్చుని తెలుసుకున్నాను. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో కొత్త ఫైలు తెరిస్తే నిమిషానికి 120 దెబ్బల చొప్పున తాళం గళ్ళు గీసి సిద్ధంగా ఉంటాయి. స్వరాలు రాసే చోట స్థాయికి పన్నెండు మెట్లు, పియానో మెట్లు. శ్రుతి దిద్దే సాధనాలున్నాయి. వాటిలో పేరుపడ్డ ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూగర్భంలో చమురు ఎక్కడుందో ధ్వని తరంగాల ద్వారా పట్టుకునే పనిలో ఉన్నాయన. మహా తెలివైన పని, కాదనను. కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఊగే గొంతుని ఇలాంటి సాధనం గట్టి పట్టులో పెడితే, తప్పు దొర్లిందనుకుని దగ్గరి మెట్టు మీద నిలబెడుతుంది. ఆనందభైరవిలో గాంధారాన్ని అలా నిలబెట్టి పాడితే అదింక ఆనందభైరవా? దొడ్డమ్మ చరణం చివర కొంచెం ఆగుతుంది, మనవరాలిని చంకనెత్తుకుని సర్దుకునే తీరున. ఆ ఆగడాన్ని గడి తప్పు కింద లెక్కకట్టి లాగి సరిచేశాడు మావాడు. గురగురతో పాటు ఆవిడ ఊపిరి కూడా పోయింది. మిగిలింది ఎవరో బాగానే పాడిన పాట.

అలాగని సాఫ్ట్‌వేర్ మీద విరుచుకుపడే రకం మనిషిని కాను. ఆ గళ్ళని ఆపేసే మీట అన్నిట్లోనూ ఉంది. శ్రుతి దిద్దడం తప్పనిసరీ కాదు. సాధనం చెప్పినమాట వింటుంది. చెప్పే మనిషికి ఆ పాట తెలిసుండాలి. అందుకే నేనంటాను, ఎంచుకునే హక్కు ఎర్ర బొత్తాం నొక్కే మనిషిది. గళ్ళ పుస్తకం గీసినవాళ్ళది కాదు, న్యూజెర్సీది అసలే కాదు.

‘మరి స్టూడియోలన్నీ వాడేది వాడకపోతే ఎలా?’ అంటారు. ఈ మాటకి జవాబు చెప్పాలి. ప్రో టూల్స్ 1991లో వచ్చింది. సినిమా ధ్వని మిశ్రమం చేసేచోట, ఒక స్టూడియోలో రికార్డయింది ఇంకో స్టూడియోలో తెరవాల్సినచోట, అందరూ ఒకటే వాడటంలో సుఖముంది. మీ అమ్మాయి ఆ ఉద్యోగానికి వెళ్ళదలిస్తే అదే నేర్చుకోమనండి. బొమ్మ నడుస్తుంటే దాని వెంట సంగీతం కట్టేవాళ్ళకి లాజిక్కో క్యూబేసో కావాలి. వేదిక మీద అప్పటికప్పుడు ముక్కలు కలిపి వాయించేవాళ్ళకి ఏబుల్టన్ చెయ్యి కలిసొస్తుంది. పెళ్ళివంటకి గాడిపొయ్యి కావాలి, నిజమే. నలుగురున్న ఇంట్లో గాడిపొయ్యి తవ్వుతామా?

ఇంకో ముచ్చట చెప్పాలి, ఇది మా గళ్ళ పుస్తకంలో ఎక్కలేదు. లాజిక్ ఒకప్పుడు విండోస్ మీద కూడా నడిచేది. దాన్ని తయారుచేసిన జర్మనీ కంపెనీని ఆపిల్ 2002లో కొనేసి విండోస్ వెర్షన్ ఆపేసింది. కేక్‌వాక్ అని ఇంకోటి. 1987 నించీ ఉన్నది. దాని యజమాని గిబ్సన్ కంపెనీ 2017 నవంబరులో అభివృద్ధి ఆపేస్తున్నామంది. ఏళ్ళ తరబడి దాంట్లో పాటలు కట్టినవాళ్ళ గుండెలు జారిపోయాయి. 2018లో బాండ్‌లాబ్ వాళ్ళు కొని ఉచితంగా ఇచ్చారు కాబట్టి బతికిపోయారు. అంటే ఏమిటి? ఏ సాఫ్ట్‌వేర్ అయినా అద్దె ఇల్లే. డబ్బు మొత్తం కట్టినా అద్దె ఇల్లే. ఆ సాఫ్ట్‌వేర్ తన పద్ధతిలో దాచుకునే ప్రాజెక్టు ఫైలు మామూలుగా ఇంకోదాంట్లో తెరుచుకోదు. కాబట్టి పాట పూర్తికాగానే దాన్ని వేవ్ ఫైలుగా విడిగా తీసి దాచండి. అది ఏ కంప్యూటరైనా వినిపిస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక్క గొంతు నిమిషానికి 9 మెగాబైట్లకి మించదు. ఇరవై నిమిషాల పెద్ద పాటకి 175 చాలు. దానికి పిసినారితనం చేసి ఎం.పి.త్రీ ఒక్కటే ఉంచుకోకండి. అందులో కొంత ధ్వనిని వదిలేసి కుదిస్తారు, వదిలింది తిరిగి రాదు. నేను మూడు చోట్ల దాచాను. ఒకటి మా అబ్బాయి దగ్గర. ఇంకోటి బియ్యం డబ్బా పక్కన, పసుపు పెట్టిన గుడ్డలో చుట్టి... నవ్వకండి, గుడ్డ నా తృప్తికి.

తరవాత్తరవాత నాకూ ఆశ పుట్టింది. దొడ్డమ్మ పాటకి వెనకనించి నేను అందుకోవాలని, రెండు గొంతులు విడివిడి ట్రాకుల మీద సర్దుకోవాలని. అప్పుడు రీపర్‌కి మారాను. అరవై రోజులు ఊరికే వాడి చూడనిచ్చారు, సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పని పెరిగింది, పనిముట్టు మారింది. ముందే కొని ఉంటే ఆ మీటలు చూసి హడలిపోయి ల్యాప్‌టాప్ మూసేసేదాన్ని. ఈ మాట మా వారితో అంటే, “నా జాబితాలో రీపర్ నాలుగో వరసలో ఉంది చూశావా?” అన్నారు. నిజంగానే ఉంది! ఎదురుగా ‘మరీ చవక’ అని ఎర్రసిరాతో రాసి ఉంది.

నలభై మూడింటిలో ఇప్పటికి ఇరవై ఏడు అయ్యాయి. పదకొండు పాటలు ఇక రావు. వాటిలో కొన్నిటికి పల్లవి ఒక్కటే మిగిలింది, కొన్నిటికి పేరు. “ఏదో ఉండేదే, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు పాడేవాళ్ళం” అంటుంది దొడ్డమ్మ, అని కాసేపు కిటికీ వంక చూస్తుంది. 2022 మే నెలలో వాటిలో ఎన్ని పూర్తిగా ఉండేవో నాకు తెలుసు. ఆ వేసవిలో ఆవిడ వాటిని వంటింట్లో కూర పిండుకుంటూ పాడింది. హాల్లో మేమందరం సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకుంటున్నాం.

మొన్న మా మరిది ఫోన్ చేశాడు. ఏదో కొత్తది వచ్చిందట, పాత రికార్డింగుల్లో గొంతుని దానంతటదే శుభ్రం చేస్తుందట, “ఇంకో ఆర్నెల్లు ఆగండి వదినా, బాగా చవకైపోతుంది” అన్నాడు. అలాగే నాయనా అని పెట్టేశాను. లక్ష్మణదేవర నవ్వు సగంలో ఉంది. నిండు కొలువులో లక్ష్మణుడు నవ్వాడు, ఎవరికి వారు నన్ను చూసే నవ్వాడని గుటకలు మింగుతున్నారు. అక్కడ దొడ్డమ్మకి దగ్గొచ్చి ఆపేశాం. రేపు పొద్దున్న పది నించి కరెంటు తీసేస్తారట. పంకా, ఫ్రిజ్ వాటంతటవే ఆగుతాయి. ల్యాప్‌టాప్ ఇప్పుడే ఛార్జింగుకి పెట్టి వచ్చాను.